బుట్ట మోసిన మనిషి

నేను రచయితను కాను. బి.కాం. చదివి, 1993లో బ్యాంకులో గుమాస్తాగా చేరి, అధికారినై, ఇప్పుడు పదవీ విరమణకు రోజులు లెక్కపెట్టుకుంటున్నవాణ్ణి. నాకు తెలిసిన శాస్త్రం ఒక్కటే, జమాఖర్చుల శాస్త్రం. అలాంటివాడు ధర్మాధర్మాల గురించి కలం పట్టడమేమిటని మీరు అడగవచ్చు. కారణం ఒక చిన్న ప్లాస్టిక్ బిళ్ల. పదిహేడేళ్ల కిందట ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని స్వయంగా తయారు చేసిన డీవీడీ అది. దాన్ని చూసినప్పుడల్లా ఒక ప్రశ్న నన్ను పట్టుకుంటుంది. పదిమందికీ చెందిన జ్ఞాపకాన్ని ఒక్కడు కత్తిరించవచ్చునా?

మాది సింధనూరు తాలూకాలో ఒక క్యాంపు. ఈ పత్రిక చదివేవారిలో చాలామందికి క్యాంపంటే ఏమిటో చెప్పనక్కర లేదు. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయ్యాక, ఎడమ కాలువ నీళ్లను నమ్ముకుని కోస్తా జిల్లాల నుంచి వచ్చిన రైతులు వేసుకున్న ఊళ్లవి. గుడిసెలు పోయి మేడలు లేచినా, మూడో తరం పిల్లలు కన్నడంలో పరీక్షలు రాస్తున్నా, పేరు మాత్రం క్యాంపుగానే ఉండిపోయింది. రేపో మాపో గుడారాలు ఎత్తేసి వెళ్లిపోయేవాళ్లలాగా!

మా చెల్లి పెళ్లి 1994 వేసవిలో ఆ క్యాంపులోనే జరిగింది. సింధనూరు నుంచి వీడియో అబ్బాయిని పిలిపించాం. భుజాన కెమెరా, వెనక దీపం పట్టుకున్న కుర్రవాడు, ఆ దీపం వేడికి చెమటలు కక్కుతున్న పురోహితుడు. మూడు గంటల క్యాసెట్టు తయారైంది. అందులో అందరూ ఉన్నారు. ముఖ్యంగా మా మామయ్య ఉన్నాడు, అమ్మకు తమ్ముడు. పెళ్లికూతురిని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకు రావడం మేనమామ వంతు కదా. మా చెల్లి అప్పటికి బొద్దుగా ఉండేది. నలుగురు సాయం వస్తామన్నా వినకుండా, ఒక పక్క మాత్రం ఎవరినో పట్టుకోనిచ్చి, భారమంతా తనే మోసి తెచ్చాడు. దింపాక తువ్వాలుతో మొహం తుడుచుకుని కెమెరా వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. కళ్లకు మాత్రమే మిగిలింది.

తర్వాత ఏడెనిమిదేళ్లకు మామయ్య ట్రాక్టరు కొనడానికి అప్పు చేశాడు. మా నాన్న హామీ సంతకం పెట్టారు. ఆ కాగితాలు పూర్తి చేసింది నేనే, బ్యాంకువాణ్ణి కదా. 2002లో వాన లేదు, కాలువ చివరి పొలాలకు నీళ్లూ రాలేదు. మామయ్య పొలం చివరిది. వాయిదాలు ఆగిపోయాయి. నోటీసు మా గడపకు వచ్చింది. నాన్న రెండెకరాలు అమ్మి కట్టారు. మామయ్య ముఖం చూపించలేక మా ఇంటికి రావడం మానేశాడు. మేము దాన్ని పొగరనుకున్నాం. మాటలు ఆగిపోయాయి.

2007లో రాయచూరులో కంప్యూటరు కొన్నాను. పాత క్యాసెట్లను డీవీడీలుగా మార్చుకోవచ్చని సహోద్యోగి ఒకాయన చెబితే ఉత్సాహం పుట్టింది. వీసీఆర్ నుంచి తీగ కలిపి, కంప్యూటరులోకి క్యాసెట్టును ఎక్కించడం మొదటి పని. దానికి దొడ్డిదారి లేదు. మూడు గంటల క్యాసెట్టు ఎక్కడానికి మూడు గంటలూ పడుతుంది. గంటకు పదమూడు జీబీ చొప్పున నా ఎనభై జీబీల డిస్కులో సగం అదే తినేసింది. తర్వాత తెరమీద ఆ బొమ్మల వరుసను పరచుకుని, కత్తెర గుర్తుతో అవసరం లేనివి తీసేసి, మిగిలినవి అతికి, అధ్యాయాలుగా విడగొట్టి, మొదట ఒక పట్టిక పెట్టాలి. గౌరీపూజ, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు. ఏది నొక్కితే అది వస్తుంది. ఆ పట్టికను తెలుగులో రాద్దామంటే ఆ ప్రోగ్రాములో అక్షరాలన్నీ గడులుగా మారిపోయాయి. చివరికి రోమన్ లిపిలోనే రాసుకున్నాను. ఆ తర్వాత కంప్యూటరు దాన్నంతా కుదించి డీవీడీకి తగ్గట్టు మలచడానికి ఒక రాత్రి పట్టేది. శక్తినగర్లో అంత పెద్ద థర్మల్ కేంద్రం పెట్టుకుని కూడా మా వీధిలో అర్ధరాత్రి కరెంటు పోయేది. మళ్లీ మొదటికి. మూడో రాత్రికి గానీ పని కాలేదు.

ఇక్కడే అసలు సంగతి. మామూలు డీవీడీలో పట్టేది 4.7 జీబీ. రెండు గంటల బొమ్మ అందులో బాగా ఇముడుతుంది. మూడు గంటలు కుక్కితే మొహాలు మసకబారతాయి. కాబట్టి ఒక గంట తీసేయాలి. ఏ గంట? భోజనాల బంతులు తీశాను. చదివింపులు తీశాను. ఆ వరుసలోనే, చెయ్యి వణక్కుండా, మామయ్య కనిపించే ప్రతి చోటా తీసేశాను. మొత్తం పదకొండు నిమిషాలు. మన దేశపు పద్ధతిలో సెకనుకు ఇరవై అయిదు బొమ్మలు. లెక్క వేస్తే 16,500 బొమ్మలు. ‘చోటు లేదు, ఏం చెయ్యను’ అని నాకు నేనే చెప్పుకున్నాను. చోటు లేనిది బిళ్లలో కాదని అప్పుడూ తెలుసు.

దసరాకు అందరం క్యాంపులో చేరినప్పుడు ఆ డీవీడీ పెట్టాను. పట్టిక రాగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. గౌరీపూజ అయింది. ఒక్క క్షణం పురోహితుడు కనిపించాడు. మరుక్షణం మా చెల్లి మండపంలో కూర్చుని ఉంది. మా మేనల్లుడు పకపకా నవ్వి, “అమ్మ ఆకాశం నుంచి దిగిందా?” అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. నాన్న తెర వంకే చూస్తూ, “బాకీ వాడిది. బుట్టా వాడిదే” అన్నారు. అంతే. రెండెకరాలు పోగొట్టుకున్న మనిషి అన్న మాట అది. రూపాయి పోని నేను కత్తెర పట్టాను.

మళ్లీ చేసి ఉండవచ్చు కదా అంటారు. చేసి ఉండవచ్చు. కంప్యూటరులో చోటు కోసం ఎక్కించిన బొమ్మలు చెరిపేశాను గాని, క్యాసెట్టు అటకమీద ఉంది. తీరిక ఉన్నప్పుడు చూద్దామనుకున్నాను. తీరిక దొరికినప్పుడు అభిమానం అడ్డం వచ్చింది. 2012లో నాన్న పోయారు. 2019లో మామయ్య పోయాడు. 2023లో మామయ్య కూతురు ఫోను చేసింది. “బావా, మా అమ్మాయి పెళ్లిలో తెరమీద వేయిద్దామని నాన్న బొమ్మల కోసం వెతుకుతున్నాం. ఫోటోలున్నాయి గాని నడిచేదీ మాట్లాడేదీ ఒక్కటీ లేదు. వదిన పెళ్లి క్యాసెట్టులో ఉన్నాడు కదా, ఇస్తావా?”

అటక ఎక్కాను. క్యాసెట్టు కిటికీలోంచి చూస్తే రీలుమీద తెల్లటి బూజు, పాత ఊరగాయ జాడీ మీద పట్టినట్టు. దాన్ని ఆడించడానికి వీసీఆర్ కావాలి. ప్రపంచంలో వీసీఆర్లు చేస్తున్న చివరి కంపెనీ, జపానుకు చెందిన ఫునాయ్, 2016లోనే ఆపేసింది. ఎలాగో ఒక పాతదాన్ని సంపాదించి పెడితే, అంటుకుపోయిన రీలు మొదటి మలుపులోనే ముక్కలైంది.

ఇదీ జరిగింది. ఇక ప్రశ్నకు వస్తాను.

ఎన్నుకోవడం తప్పు కాదు. మూడు గంటల పెళ్లిని మూడు గంటలూ ఎవరూ చూడరు. కెమెరా అబ్బాయి కూడా ఎన్నుకునే తీశాడు. మండపం వైపు తిప్పినప్పుడు పాకలో గాడిపొయ్యి దగ్గర ఉన్నవాళ్లు అతనికి కనిపించలేదు. మనం తలలో దాచుకునే జ్ఞాపకమూ ఏరుకున్నదే. అయితే కత్తెర పట్టినవాడు రెండు పనులు చేయగలడు. ఒకటి చూపించకపోవడం. రెండోది లేకుండా చేయడం. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి. నేను మొదటిది చేస్తున్నాననుకుంటూ రెండోది చేశాను.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు లెడ్జర్లు చేత్తో రాసేవాళ్లం. మొదటిరోజే పెద్ద గుమాస్తా నేర్పిన నియమం ఒకటి ఉంది. తప్పు అంకె పడితే రబ్బరుతో చెరపకూడదు, బ్లేడుతో గీకకూడదు, అంకె మీద అంకె దిద్దకూడదు. ఒక్క గీత కొట్టాలి, కింది అంకె కనిపించేటట్టు. పైన సరైన అంకె వేసి పక్కన పొట్టి సంతకం పెట్టాలి. ఎందుకని అడిగితే ఆయన, “తప్పు చేయడం నేరం కాదు నాయనా, తప్పు జరగలేదన్నట్టు చూపించడం నేరం” అన్నారు. ముప్పై ఏళ్లు ఆ నియమం పాటించాను. నా చేతికింద పనిచేసినవాళ్లచేత పాటింపజేశాను. ఇంటికొచ్చి సొంత చెల్లెలి పెళ్లి పుస్తకంలో పేజీ చింపి, అతుకు కనిపించకుండా కుట్టాను. గీత లేదు, సంతకం లేదు. డీవీడీని ‘ఫైనలైజ్’ చేసి ముగించాక ఇక దానిలో దిద్దుబాటుకు వీలుండదు. మార్చి 31న పుస్తకాలు మూసినట్టే. అయితే మార్చి 31 తర్వాత తప్పు దొరికితే కొత్త సంవత్సరంలో సవరణ పద్దు రాస్తాం. ఆ దారి నాకు పదిహేనేళ్లు తెరిచే ఉంది. నేను నడవలేదు.

కొన్నింటిని తీసేయడం దయ కాదా అని మరో మాట ఉంది. నిజమే. మా దూరపు బంధువు ఒకాయన ఆ పెళ్లిలో తాగి బంతిలో పడిపోయాడు. అది తీసేసినందుకు ఆయన నా చెయ్యి పట్టుకుని దండం పెట్టినంత పని చేశాడు. కాని దయ కూడా అంత తేలిక కాదు. చిన్నతనంలోనే భర్త పోయిన మా మేనత్త, తలంబ్రాల వేళ గుంజ పక్కన నిలబడి కళ్లు తుడుచుకుంటుంటే కెమెరా చాలాసేపు ఆమె మీదే నిలిచింది. ఆమె దుఃఖాన్ని నలుగురికీ చూపించడమెందుకని తీసేశాను. అదొక్కటే దృశ్యం, ఆమె ఉన్నది. డీవీడీ చూశాక అత్తయ్య నెమ్మదిగా, “నేను పెళ్లికి రాలేదనుకుంటారేమోరా పిల్లలు” అంది. ఆమెది దుఃఖమని నేను అనుకున్నాను. మేనకోడలి పెళ్లి చూసిన సంతోషమేమో, అడిగానా? మండపం మీదికి ఆమెను ఆచారం రానివ్వలేదు. బొమ్మలోంచి నేను దింపేశాను.

కాబట్టి నాకు తోచిన కొలబద్ద ఇది. కత్తిరింపు ఎవరికి జమ అవుతోంది? బొమ్మలో ఉన్న మనిషికి జమ అయితే, అదీ ఆ మనిషినే అడిగి చేస్తే, అది దయ. కత్తెర పట్టినవాడి కోపానికో, పరువుకో జమ అయితే అది దొంగలెక్క. ప్రతి జమకూ ఎక్కడో ఒక ఖర్చు ఉంటుంది. నా కోపానికి జమ అయిన పదకొండు నిమిషాలు ఎవరి ఖాతాలో ఖర్చు పడ్డాయి? మామయ్య ఖాతాలో కాదు, ఆయన ఆ డీవీడీ చూడనే లేదు. అమ్మ ఖాతాలో. చెల్లి ఖాతాలో. ఆ మనవరాలి ఖాతాలో కూడా.

మా జిల్లాలోనే మస్కి ఉంది. 1915లో బీడన్ అనే బంగారు గనుల ఇంజనీరు అక్కడ గుట్టమీద ఒక శాసనం చూశాడు. ‘దేవానాంప్రియుడు’ అనే బిరుదుతో రాయించుకున్న రాజు అశోకుడేనని, పేరుతో సహా మొదట సాక్ష్యమిచ్చిన బండ అది. ఆ అశోకుడు కూడా ఒకచోట కత్తెర వాడాడు. కళింగ యుద్ధంలో లక్షమంది చచ్చారనీ, లక్షన్నర మందిని తరలించుకుపోయారనీ, తాను పశ్చాత్తాపపడుతున్నాననీ పదమూడో శాసనంలో చెప్పుకున్నాడు. మనకు దగ్గరలో, కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా ఆ శాసనం ఉంది. కాని కళింగంలోనే, ధౌళిలోనూ జౌగడలోనూ, అది లేదు. దాని బదులు అక్కడి ప్రజలంతా నా బిడ్డలని చెప్పే వేరే శాసనాలు చెక్కించాడు. ఎందుకలా? పుండు మీద కారం చల్లకూడదనా, లేక తన నేరాన్ని బాధితుల ఎదుట ఒప్పుకోవడానికి మొహం చెల్లకనా? పండితులు తేల్చుకోవాలి. నాకు కనిపించేది ఒక్కటే. అక్కడ చూపించలేదు గాని, లేకుండా చేయలేదు. మరో బండ మీద అసలు పద్దు చెక్కుచెదరకుండా ఉంది. అందుకే ఇవాళ మనం ఆ రాజును అడగగలుగుతున్నాం. అసలు ప్రతి దాచి ఉంచినవాడు ఏం కత్తిరించినా రేపటివాళ్లు అడగడానికి వీలుంటుంది. నేను ఆ వీలే లేకుండా చేశాను.

నా రెండో తప్పు ఇంకా నిశ్శబ్దంగా జరిగింది. అప్పటి అలవాటు ప్రకారం, మాటలు గోలగా ఉన్నాయని డీవీడీ పొడుగునా సినిమా పాటలు పరిచాను. ఆ గోల ఏమిటో ఇప్పుడు తెలుస్తోంది. మా నాయనమ్మ గోదావరి యాస, పక్క పొలం లింగాయతుల పెద్దాయన తెలుగు మాట్లాడబోయి మధ్యలో కన్నడంలోకి జారిపోవడం, ఇటు వంటవాళ్ల దక్కనీ కేకలు. 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న ఈ నేల మీద మూడు భాషలు ఒకే పందిట్లో ఎలా కూర్చునేవో చెప్పే సాక్ష్యం అది. క్యాంపు తెలుగు ఎలా ఉండేదని రేపు మన పిల్లలు అడిగితే వినిపించడానికి అంతకంటె మంచిది దొరకదు. దాని మీద, ఎక్కడైనా దొరికే పాటలు పోసి పూడ్చేశాను. భాష పోతోందని సభల్లో వాపోయే మనమే, మనింటి గొంతులను మన చేత్తోనే నొక్కేస్తున్నాం.

రాయచూరు కోటకు వెళ్లినవాళ్లు పడమటి లోపలి గోడలో ఒక పొడవాటి రాయి చూసే ఉంటారు. నలభై అడుగులకు పైబడిన ఒకే రాయి. దాని మీద 1294 నాటి తెలుగు శాసనం ఉంది, కోట కట్టించిన ప్రభువుల పేర్లతో. నాకు ఆ పేర్లకంటె పక్కనున్న బొమ్మ ఇష్టం. ఆ రాతిని బండి మీద పెట్టి దున్నపోతుల వరుస లాగుతున్నట్టు, తోలేవాళ్లు తోలుతున్నట్టు, చక్రాలకు మోకులు కాదు, మీటలు వేసి మనుషులు నెడుతున్నట్టు చెక్కారు. పేర్లు ప్రభువులవే, సరే. కాని మోసినవాళ్లను బొమ్మలోంచి తీసేయలేదు. ఏడువందల ఏళ్లు దాటినా ఆ రాయి అక్కడికి దానంతట అది రాలేదని మనకు తెలుస్తోంది. నా డీవీడీలో మా చెల్లి ఆకాశం నుంచి దిగింది.

క్యాసెట్టు ముక్కలయ్యాక ఆ డీవీడీనే మళ్లీ మళ్లీ చూశాను. ఇప్పుడది చూడటమూ ఒక పనే. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి డీవీడీ సినిమా ఆడించే సదుపాయం తీసేశారు. కొత్త ల్యాప్‌టాపులకు బిళ్ల పెట్టే అరే లేదు. బయటి డ్రైవు కొని, వీఎల్‌సీ వేసుకుని, వీడియో టీఎస్ అనే సంచిలో ఉన్న ఫైళ్లను ఒక్కొక్కటే తెరిచాను. గౌరీపూజ చివర, పురోహితుడు కనిపించే ఆ ఒక్క క్షణం దగ్గర, పాట ఎందుకో రెండు సెకన్లు ఆలస్యంగా మొదలవుతుంది. ఆ సందులో బొమ్మ బయటి నుంచి ఒక గొంతు వినిపించింది. “బుజ్జమ్మా, స్వల్ప కాళ్లు ముడుచుకో.” తెలుగు మధ్య ఆ ‘స్వల్ప’, మా క్యాంపు ముద్ర. మామయ్య గొంతు. నా కత్తెర కింద పడకుండా తప్పించుకున్నది అంతే.

ఆ రెండు సెకన్లు విడిగా తీసి మరదలికి పంపాను. ఎందుకు అంతే మిగిలిందో కూడా ఫోనులో దాచకుండా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “నాన్న నిన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు బావా” అంది. అంతకంటె ఏమన్నా తేలిగ్గా ఉండేది. అమ్మకు వినిపిస్తే, “ఇంకోసారి పెట్టు” అంది. ఆ పూట ఎన్నిసార్లు పెట్టానో లెక్కపెట్టలేదు.

పోయింది తిరిగి రాదు. సవరణ పద్దు మాత్రం రాయవచ్చు. ఆ డీవీడీకి కొత్త ప్రతి చేశాను. గౌరీపూజకూ మండపానికీ మధ్య నల్లటి తెర మీద ఒక చీటీ పెట్టాను. ఈసారి తెలుగు అక్షరాలు గడులుగా మారలేదు. ‘ఇక్కడ మా మామయ్య పెళ్లికూతురిని బుట్టలో మోసుకు వచ్చారు. తలంబ్రాల వేళ మా మేనత్త ఇక్కడే ఉన్నారు. ఈ దృశ్యాలు 2007లో నేను తీసేశాను.’ కింద నా పొట్టి సంతకం.

మీ ఇళ్లలోనూ అటకల మీద క్యాసెట్లు ఉంటాయి. బూజు పట్టకముందే దింపండి. ఎలా కావాలంటే అలా కత్తిరించి చూసుకోండి, కాని అసలు ప్రతిని ముట్టుకోకండి. మాటలు వినిపించనివ్వండి. అందులో ఎవరెవరున్నారో, గుర్తుపట్టే పెద్దలు ఉండగానే పేర్లు రాయించుకోండి. మీకు గిట్టనివాళ్ల పేర్లు మొదట రాయండి.